తగ్గని ఆయిల్

డ్రైవింగ్ నేర్పే ఆవిడకి ఉన్నది ఒక్కటే కారు. అది మూలపడితే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపించే పుల్లను లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేది. ఎప్పుడూ పై గీత దాకా నిండుగానే ఉండేది. "నా కారు చుక్క తాగదు" అని నేర్చుకునేవాళ్ళ దగ్గర గొప్పలు పోయేది.

ఈమధ్య ఇంజను టకటకలాడుతోంది. ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఆయిల్ నిండుగా ఉంటే ఈ చప్పుడెందుకు? అసలింత పాత కారు ఆయిల్ తాగకుండా ఎలా ఉంటోంది? దేన్నైనా విప్పి చూస్తే తప్ప ఆవిడకి తిన్నది అరగదు. ఒక సాయంత్రం, అలవాటు లేని వేళ, పుల్ల లాగింది. ఆయిల్ గీతకి కిందికి దిగి ఉంది. తెల్లారి చూస్తే మళ్ళీ గీత దాకా ఉంది. రాత్రికి రాత్రి ఊరడానికి ఇదేమన్నా ఊటబావా?

మర్నాడు ఇంకాస్త ముందే లేచి వంటింటి కిటికీ దగ్గర మాటు వేసింది. టైలరింగ్ చేసే మొగుడు డబ్బా, గరాటు పట్టుకుని పిల్లిలా వచ్చాడు. బానెట్ ఎత్తి ఆయిల్ పోశాడు.

"ఏం చేస్తున్నారు?"

"తగ్గితే నువ్వు దిగులుపడతావని, రోజూ కాస్త పోస్తున్నా."

"మరి పాతది తీయించి కొత్తది పోయించారా?"

"అది నువ్వు చూసుకుంటున్నావనుకున్నా."

"చుక్క తగ్గని ఆయిల్ పారబోయడమెందుకని ఊరుకున్నా" అందావిడ, గొంతు తగ్గించి.

ఇద్దరూ కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. అతను కింద నట్టు విప్పితే ఆయిల్ కారలేదు, తారులా ముద్దలుగా జారింది.

"పైన ఎంత పోసినా పాత మడ్డి లోపలే ఉంటుందక్కా. తగ్గడం కనబడుంటే అప్పుడే వచ్చేవారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పితే ఇంజను పట్టేసేది."

అతను లోపలంతా కడిగి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. చప్పుడు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"నన్ను దిగులుపడనివ్వాలి కదండీ. దిగులుపడితేనేగా బాగుచేయించేది" అంది దారిలో మొగుడితో. ఆవిడ బుర్రలో ఇంకో పురుగు దొలిచింది. "నేను దిగులుపడతానని ఇంకేం దాస్తున్నారు?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు.

"కుడికన్ను మసకేస్తోంది. కళ్ళజోడు మార్చినా అంతే. సూదిలో దారం పక్కింటావిడ ఎక్కించిపెడుతోంది."

ఆవిడ కోపం ఎటు పోయిందో తెలీదు. ఇంటి సందు వచ్చింది. కారు అటు తిప్పకుండా, కంటి ఆసుపత్రి వైపు పోనిచ్చింది.