గేర్‌బాక్సు నోరు నొక్కినవాడు

గవరయ్య శవం ఇంకా ట్రెయిలరు చక్రం కిందే ఉంది. ట్రాక్టరు యజమాని బిసేసర్ చెప్తున్నాడు, పోలీసు సార్జంటు రాసుకుంటున్నాడు.

"డ్రైవరు తాగున్నాడు, రాయండి. వీళ్లు ప్రతి శనివారం బండిని వాగులో దింపి కడుగుతారు, గేర్‌బాక్సులోకి నీళ్లు పోయాయి, అదీ రాయండి. నా బండికి ఏ లోటూ లేదు."

అంతమంది నిలబడ్డారుగానీ గవరయ్య కళ్లు మూయాలని ఒక్కడికీ తోచలేదు. నేనే మూశాను. నా వేళ్ల గ్రీజు అతని రెప్పలకి అంటుకుంది. అది తుడుస్తూంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఈ రోజుకీ చల్లారలేదు, మీకు చెప్తున్నదీ అందుకే.

నా పేరు కూర్మయ్య. ఈ దీవిలో, లంబాసా చెరకు తోటల్లో ముప్ఫై ఏళ్లుగా ట్రాక్టర్ల కింద వెల్లకిలా పడుకుని బతికే మేస్త్రీని. చెరకు కొట్టే మా ముఠాలో ఇరవై ఇద్దరం. సగం మందిమి తెలుగు నేల నుంచి ఓడెక్కి వచ్చిన కూలీల మనవలం, సగం మంది ఈ దీవి మనుషులే. ట్రాక్టరు మాత్రం బిసేసర్‌ది, అలాంటివి వాడికి మొత్తం ఏడున్నాయి. ఆయిల్ దొంగిలిస్తామని గేర్‌బాక్సు మూతకి తాళం వేసి, చెవి మొలకి కట్టుకు తిరిగేవాడు.

ఆ రోజు డ్రైవరు ఇలైసా. చెరకు లోడుతో గుట్ట దిగుతుంటే గేరు తనంతట తనే ఊడిపోయింది. పాత బ్రేకులు ఆ బరువుని ఆపలేకపోయాయి. ఇలైసా దూకేయొచ్చు, దూకలేదు. బండిని ఆపాలని గట్టుకేసి కొట్టించాడు. గట్టు వెంట నడుస్తున్న గవరయ్య ట్రెయిలరు కింద పడ్డాడు. విరిగిన చెయ్యితోనే ఇలైసాని జీపెక్కించి, మనిషిని చంపిన కేసు పెట్టారు.

మర్నాడు పొద్దున మా సర్దారు సోములు పాకలో మీటింగు. ఇక్కడ నలుగురు చేరితే తాగే నంగోనా, వేరు దంచి నీళ్లలో కలిపింది, గిన్నెలో మధ్యన ఉంది, ఎవరూ కొబ్బరి చిప్ప ముట్టలేదు. ఎన్నడూ లేనిది, మావాళ్లు ఒక పక్క, దీవివాళ్లు ఒక పక్క కూర్చున్నారు. బిసేసర్‌కి కావలసిందీ అదే.

గవరయ్య పెళ్లాం నూకాలమ్మ మైలలో ఉండి కూడా వచ్చింది. "ఇలైసాకి ఉరి పడాల," అంది. "నా మొగుడు పోయినాక ఆడికి బతుకేటి?"

"నా మొగుడు చర్చి మనిషి, సారా వాసన పడదు," అంది ఇలైసా భార్య వాసితి గుమ్మంలోంచి. "అంత మాట అనకమ్మా."

"తాగకపోతే గేరెలా ఊడిందే?" అంది నూకాలమ్మ.

"నీళ్లు పోయి ఊడిందేమో," అన్నాడు సోములు గొంతు తగ్గించి. "వాగులో దింపింది మనమే కదా."

మా తాతలు ఎద్దుల్ని కడిగారు, మేం ట్రాక్టర్ని కడుగుతున్నాం. పొట్ట మునిగేదాకా దింపుతాం. పిల్లా జెల్లా ఎక్కి తోముతారు. అది తప్పని నేనే ఎన్నోసార్లు చెప్పాను, వినేవాడెవడు? నూకాలమ్మ తన చేతులు చూసుకుంది.

"పోయిన శనివారం నానే తోమాను," అంది. "అంటే నా మొగుణ్ణి నానే సంపుకున్నానా, కూర్మయ్యా?"

ఇంక నేను ఊరుకోలేకపోయాను. లేచి నా తప్పు నేను చెప్పుకున్నాను. "రెండు నెలలుగా ఆ గేర్‌బాక్సు కీచుమంటోంది. వేడికి మీద చెయ్యి ఆన్చలేకపోయేవాళ్లం. ఆయిల్ మార్చమని నేనూ ఇలైసా పది సార్లు అడిగాం. పోయిన వారం బిసేసర్ షెడ్డుకెళ్లి వచ్చాక దాని చప్పుడు ఒక్కసారిగా మెత్తబడింది. నేను సంతోషించాను. మేస్త్రీనై ఉండి, అరిగిన గేరు పళ్ల చప్పుడు ఊరికే ఎలా మెత్తబడుతుందని అడగలేదు. నీళ్లు పోతే ఆయిల్ పాలు పోసిన టీ రంగుకి మారుతుంది. మూతకి తాళం ఉంటే ఉండనీ, అడుగున బోల్టు ఉందిగా. పదండి, అందరి ముందూ విప్పుతాను."

ఇరవై మందిమి గుట్ట కిందికి నడిచాం. బండి అక్కడే ఉంది. ముందు ఆయిల్ చూసే పుల్ల లాగాను. నిండుగా చూపించింది.

"ఆయిల్ ఉందిగా, మరేటి?" అన్నాడు సోములు.

"ఉందని చూపిస్తే సరా? వేళ్ల మధ్య నలిపి చూడు."

నలిపాడు. గరగరలాడింది. తెల్లగా లేదు, నల్లగా, మాడు కంపు కొడుతోంది. డబ్బా పెట్టి అడుగు బోల్టు విప్పాను. రెండు చుక్కలు కారి ఆగిపోయింది. తీగతో పొడిచాను. అప్పుడు కారలేదు, ముద్దలు ముద్దలుగా రాలింది. లోపలి జల్లెడ బయటికి లాగితే రంధ్రాలన్నీ అదే ముద్దతో పూడుకుపోయి ఉన్నాయి. పెట్రోలులో కడిగి గుడ్డ మీద పోశాను. ఎర్రటి రంపపు పొట్టు.

"కలప పొట్టు గేర్‌బాక్సులోకెలా వచ్చింది?" అంది వాసితి.

"పాత బండి అమ్మే మోసగాళ్లు చేసే పని ఇది," అన్నాను. "పొట్టు పోస్తే పళ్ల చప్పుడు అణుగుతుంది. ఆయిల్ మాత్రం బేరింగులకి అందదు. అవి కాలతాయి, షాఫ్టు వదులవుతుంది, గేరు ఊడుతుంది. నీళ్లు చుక్క లేవు, చూడండి. ఇది పై మూతలోంచి పోసిందే. ఆ మూత చెవి ఎవడి మొల్లో ఉంది?"

సోములు కత్తి తీశాడు. "నా కొడుకుని ఈ పూటే నరికేస్తాను."

నూకాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నరికితే ఒక్క దెబ్బకి పోతాడు. ఆడు అంత సులువుగా పోకూడదు. రేపు మనం కొట్టాల్సింది ఎవడి తోట?"

బిసేసర్‌దే. వరసలో వాడి వంతు. గవరయ్య చచ్చిన రోజే ఆకు కాల్చేశాం. కాల్చిన చెరకు వెంటనే కొట్టి మిల్లుకి తోలాలి, లేకపోతే ఎండకి పులిసిపోతుంది. ఒక ముఠా కాల్చిన తోటలో ఇంకో ముఠా కత్తి పెట్టదు, అది ఇక్కడి కట్టుబాటు.

"పులవనీండి," అంది నూకాలమ్మ. వాసితి ఆమె పక్కకొచ్చి నిలబడింది. అప్పుడు నంగోనా గిన్నె తెప్పించుకున్నాం. ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి ఒకే చిప్పతో అందరం తాగాం. ఇలైసా ఇంటికొచ్చేదాకా కత్తి ముట్టమని ఒట్టేసుకున్నాం.

మూడో రోజుకి తోట పులిసిన కంపు రోడ్డుదాకా వచ్చింది. నిజం చెప్తున్నా, ఆ కంపు నాకు హాయిగా ఉండేది. మా సంగతి దాచిపెట్టి బిసేసర్ వేరే రెండు ముఠాల్ని తెచ్చాడు. గట్టు మీద కూర్చున్న మమ్మల్ని చూసి, విషయం విని, వాళ్లూ కూర్చున్నారు. నాలుగో రోజు వాడు సార్జంటుని వెంటేసుకొచ్చాడు.

"నా బండికి ఏ లోటూ లేదని తెలిసి కూడా నా చెరకు కుళ్లబెడుతున్నారు సార్."

నూకాలమ్మ లేచింది. "లోటు లేదా? మంచిది. నీ బళ్లలోనే ఇంకోటుంది కదా, పోయిన వారమే దాని కీచుమనడం కూడా ఆగిందంట. లోడుతో గుట్ట మీదే ఉంది. ఎక్కు. నువ్వే కిందికి దింపు. నా మొగుడు నడిచిన చోట నీ పక్కనే నాను నడుస్తాను. దింపావంటే ఇప్పుడే కత్తులు పట్టుకుని నీ చెరకు కొడతాం."

వందమంది వాణ్ణే చూస్తున్నారు. బిసేసర్ బండి వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు. మొహం మీద చెమట తుడుచుకున్నాడు.

"నేనెందుకు ఎక్కాలి? అది డ్రైవర్ల పని."

"లోటు లేదన్నారుగా, ఎక్కండి," అన్నాడు సార్జంటు. నోరు జారిందో, కావాలనే అన్నాడో నాకు ఈ రోజుకీ తెలీదు. బిసేసర్ కదల్లేదు. వందమంది ముందు, పోలీసు ముందు, వాడి కాళ్లే సాక్ష్యం చెప్పాయి.

అయినా చట్టం వాడిదే. పరాయి బండి విప్పినందుకు నన్ను జీపెక్కించారు. పొట్టు ముద్దలున్న ఆయిల్ డబ్బా కూడా తీసుకోబోతే వాసితి ఇవ్వలేదు. "ఇది కోర్టుకి మా చేతుల్తోనే వస్తుంది," అంది. ముఠాలు మూడూ జీపు వెనకే నడిచి స్టేషను ముందు కూర్చున్నాయి.

సాయంత్రం నూకాలమ్మ గిన్నె పట్టుకుని, నేనూ ఇలైసా ఉన్న లాకప్ దగ్గరికొచ్చింది. ఆమెని చూసి ఇలైసా లేచాడు, గోడకి ఆనుకుపోయాడు. అతనికి ఒక చేతికి కట్టుంది. ఆమె కటకటాల్లోంచి ఉడికించిన కర్రపెండలం, చేప కూర లోపలికి తోసింది.

"ఆ బిసేసర్‌గాడి మిగతా ఆరు బళ్ల కిందా ఆరు ముఠాలోళ్లు పడుకుని బోల్టులు ఇప్పుతున్నారు," అంది. "నాలుగింటిలో పొట్టు దొరికిందంట. తిను తమ్ముడూ. రేపు ఆణ్ణి బోనులో నిలబెట్టేటప్పుడు నీకు ఒంట్లో సత్తువుండాల."