నిజాముద్దీన్ ఎక్కిన బండి

ఇత్తడి బ్రష్షుతో రుద్దేకొద్దీ సిలిండర్ రెక్కల మధ్య నుంచి మట్టి రాలుతూనే ఉంది. నల్లరేగడి మట్టి. ఏ చేలో ఎప్పుడు అంటుకున్నదో, కారిన నూనెతో కలిసి గిన్నెకు అడుగంటిన మాడులా పట్టేసింది. బ్రష్షు దూరని చోట నిజాముద్దీన్ రంపపు బ్లేడు ముక్కను పోనిచ్చాడు. ఒక్కో రెక్కనూ రెండు పక్కలా గీకి, నోటితో ఊది, సిలిండర్ను వెలుతురుకు ఎత్తి చూశాడు. రెక్కల సందుల్లోంచి షెడ్డు బయటి రోడ్డు గీతలు గీతలుగా కనిపించాక కింద పెట్టాడు.

పెట్టేటప్పుడు ఎడమచేయి మోచేతి దగ్గర నుంచి గుంజింది. రాత్రి నుంచీ అంతే. పొద్దున టీ ఇస్తూ భార్య షాహజాదీ ఆస్పత్రికి పొమ్మంది. ఆళ్ళగడ్డ పని అయ్యాక రేపు పోతానన్నాడు. బరువులెత్తే చేయి, గుంజకేం చేస్తుంది అనుకున్నాడు.

నంద్యాల నూనెపల్లెలో ఆటోల ఇంజన్లు విప్పి బిగించే రేకుల షెడ్డు అది. ఉయ్యాలవాడ నుంచి పదహారేళ్ళ వాడుగా వచ్చి చేరినప్పటి నుంచీ నిజాముద్దీన్‌కు అదే లోకం. పొట్టి మనిషి. మీసం తీసి గడ్డం ఉంచుకుంటాడు. గడ్డం చాలా భాగం నెరిసింది. కుడిచేతి చూపుడువేలి గోరు వయసులో ఉండగా సుత్తి కింద నలిగి, అప్పటి నుంచి మధ్యలో చీలి రెండుగా పెరుగుతుంది. ఎంత సబ్బు పెట్టినా ఆ చీలికలో నలుపు పోదు. పెళ్ళి ఫోటోలో కూడా ఆ చేతిని రెండో చేతి వెనక దాచుకున్నాడు.

అతనికి బండి నడపడం రాదు. షెడ్డులో చేరిన కొత్తలో ఒక ఆటోను వెనక్కి తీయబోయి మురికి కాలువలో దించాడు. షెడ్డంతా నవ్వింది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. "బాగు చేసేది నేను, తోలేది మీరు" అనేవాడు. ఇంజను బిగించి స్టార్టు చేసిచ్చాక, బండి షెడ్డు దాటి రోడ్డెక్కి, దాని చప్పుడు మిగతా బండ్ల చప్పుడులో కలిసిపోయేదాకా గుమ్మంలో నిలబడేవాడు. తర్వాత వచ్చి ఇంకో ఇంజను ముందు కూర్చునేవాడు. ఇంటికి నడిచి పోయేవాడు. వెలుగోడులో ఉన్న కూతురు అస్మా ఇంటికి బస్సులో పోయేవాడు. అలాగే జీవితం గడిచింది.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది ఈ ఒక్క ఇంజనే. ఊళ్ళో బ్యాటరీ ఆటోలు వచ్చాక పని పడిపోయింది. షెడ్డు యజమాని కిరణ్ తలుపు దగ్గర నిలబడి, చెప్పిన మాటే ఇంకోసారి మెల్లగా చెప్పాడు.

"నిజామన్నా, వచ్చే నెల నుంచి ఈ జాగాలోకి షోరూమోళ్ళు వస్తారు. నీ సామాన్లు ఏమన్నా ఉంటే తీస్కపో."

"తీస్కపోతాలేప్పా."

"నువ్వేం జేస్తావ్ మల్ల?"

"సూద్దాం. ముందు ఇది తిరగనీ."

ఈ ఇంజను ఆళ్ళగడ్డ పౌలుది. పల్లెల్లో చేతిపంపులు బాగుచేసి రిటైరైన మనిషి పౌలు. భార్య కృపమ్మ బడిలో టీచరుగా చేసింది. రెండేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలువ అవతల వాళ్ళకు కొంచెం పొలం ఉంది. ఏ ఏడు ఏం వేయాలో చెప్పేది కృపమ్మే. పడిపోయాక ఆ పొలం ముఖం చూడలేదు. ఆటోవాళ్ళు తారు రోడ్డు దాటి రేగడి బాటలోకి రామంటారు. ఎద్దుల బండిలో కుదుపులకు ఆమె తట్టుకోలేదు. చివరికి పౌలు తానే బండి కట్టడం మొదలుపెట్టాడు. బోరు పైపులు కోసి అతికించాడు. పాత జీపు చక్రాలు తెచ్చాడు, బస్సు సీటు తెచ్చాడు. చూసినవాళ్ళు దాన్ని పౌలు బగ్గీ అన్నారు. ఇంజను మాత్రం డోన్‌లో పాత ఇనుము గుట్టలో దొరికింది. సామాను ఆటోది, నీళ్ళు అక్కర్లేకుండా గాలికే చల్లబడే డీజిలు ఇంజను. లోపల పిస్టన్ పట్టేసి ఉంది. నంద్యాలలో చూసిన మెకానిక్కులంతా గుట్టలోనే పారేయమన్నారు. నిజాముద్దీన్ పారేయమనలేదు. సిలిండర్లో డీజిలు పోసి నానబెట్టి, రోజూ వచ్చీరాగానే చెక్కముక్క పెట్టి సుతారంగా తట్టేవాడు. ఒక రోజు పిస్టన్ వెంట్రుకవాసి కదిలింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి షాహజాదీకి చెప్పాడు. దేని గురించి చెబుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు కానీ, అతని ముఖం చూసి నవ్వింది.

రింగులకు నూనె రాసి, పిస్టన్ను సిలిండర్లోకి దించాడు. హెడ్డు పెట్టి నట్లను ఒకదానికెదురుగా ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాడు. చేత్తో చక్రం తిప్పి చూశాడు. గాలి ఎక్కడా కారకుండా దమ్ము నిలిచింది. గాలి పీల్చుకునే గొట్టంలో దారి దుమ్ము పడకుండా ఒక గుడ్డ కుక్కాడు.

పౌలు తన అక్క కొడుకు వినయ్‌తో కలిసి అతని సామాను ఆటోలో వచ్చేసరికి ఎండ షెడ్డు లోపలిదాకా వచ్చింది. ముగ్గురూ కలిసి ఇంజను ఎక్కించారు. నిజాముద్దీన్ ముందు కూర్చోలేదు. వెనక ఇంజను పక్కనే గోనెసంచి పరుచుకుని, అది పొర్లకుండా చేయి వేసి కూర్చున్నాడు. అయ్యలూరు దాటింది, శిరివెళ్ళ మెట్ట దాటింది. ఆళ్ళగడ్డ దగ్గరపడేసరికి రోడ్డు పక్క ఉలుల చప్పుడు వినపడింది. శిల్పులు తలగుడ్డలు కట్టుకుని రాళ్ళు చెక్కుతున్నారు. తెల్లటి దుమ్ములో, ముఖం ఇంకా తేలని విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. అతను వాటిని ఇష్టంగా చూశాడు.

పౌలు ఇంటి వెనక వేపచెట్టు నీడలో బగ్గీ ఉంది. వసారాలో కుర్చీలో కృపమ్మ కూర్చుని ఉంది. పాలిపోయిన ముఖం, బిగించి దువ్విన తల. కుడిచేయి ఒడిలో దిండు మీద పెట్టి ఉంది. పక్కన సెల్లులో క్రైస్తవ కీర్తన ఏదో వస్తోంది.

"రాన్నా. నీకోసమే సూస్తాండా," అంది. మాట ఒక పక్క నుంచే వస్తోంది. అయినా పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు పోలేదు.

"వచ్చినా టీచరమ్మా."

ఇంజను కూర్చోబెట్టే చోటు చూసి నిజాముద్దీన్ ఆగిపోయాడు. పౌలు దాని చుట్టూ రేకుతో పెట్టె చేసి పెట్టాడు. ఆకుపచ్చ రంగు వేసి, మీద ఎర్ర అక్షరాలతో 'కృప' అని రాయించాడు.

"ఇది తీసెయ్యాల పౌలన్నా."

"ఏందన్నా! ఎంత కష్టపడి చేసినా. దుమ్ము పడకుండా."

"దుమ్ము పడితే తుడుసుకోవచ్చు. గాలి తగలకుంటే సస్తాది. ముందుసారి పట్టేసింది గూడా దాంతోనే, రెక్కల నిండా మట్టి."

పౌలు రంగు మీద చేయి పెట్టి నిలబడ్డాడు. కృపమ్మ ఆ చేతిని చూసింది.

"ఊపిరాడకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసులే," అంది. "తీసెయ్. పేరు మాత్రం పైన ఉండనీ."

పౌలు పక్క రేకులు కోసేశాడు. పేరున్న పై రేకును మాత్రం నాలుగు కడ్డీల మీద గొడుగులా నిలబెట్టారు. ఇంజను బిగించడం అయ్యేసరికి మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళయింది. నిజాముద్దీన్ బట్టల సోడాతో చేతులు కడుక్కుని, వసారా మూల చాప మీద నిలబడ్డాడు. కృపమ్మ ఎడమచేయి చాచి సెల్లులో పాట ఆపింది.

లేచేటప్పుడు అతను గోడ పట్టుకున్నాడు. చెమట పట్టింది. "ఎండకు," అన్నాడు, ఎవరూ అడగకముందే.

తర్వాత స్టార్టు చేయబోయారు. వినయ్ కడ్డీ పట్టి గుంజాడు. ఇంజను గుక్క తిప్పుకోలేనట్టు ఒకసారి ఊగి ఆగింది. మళ్ళీ గుంజాడు. మళ్ళీ అంతే. నిజాముద్దీన్ డీజిలు గొట్టం నట్టు వదులు చేసి చూశాడు. డీజిలు బాగానే వస్తోంది. చెవి ఆనించి విన్నాడు, లేచి నిలబడి గడ్డం గోక్కున్నాడు. ఏం తోచలేదు. పౌలు ముఖం వాడిపోయింది.

"నిజామన్నా," అంది వసారాలోంచి కృపమ్మ. "ఆ గొట్టం నోట్లో గుడ్డ ఎవురు కుక్కినారు?"

నిజాముద్దీన్ నాలుక కరుచుకున్నాడు. "నేనే టీచరమ్మా!"

"గాలి కావాలని మా ఆయప్పతో పెట్టె కోయిచ్చి, నువ్వేమో నోరు మూసినావా?"

నలుగురూ నవ్వారు. కృపమ్మ నవ్వు ఒక పక్కకే వచ్చింది. నిజాముద్దీన్ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి గుడ్డ పీకేశాడు. ఈసారి ఒక్క గుంజుకే ఇంజను అందుకుంది. నీలం పొగ ఒక ముద్ద కక్కి, దగ్గి, సర్దుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి.

అలవాటు కొద్దీ అతను రెండడుగులు వెనక్కి వేసి, బండికి దారి ఇచ్చి నిలబడ్డాడు. పౌలు, వినయ్ కలిసి కృపమ్మను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు.

"ఎక్కన్నా," అన్నాడు పౌలు.

"నాకు తోలడం రాదప్పా."

"నిన్ను తోలమన్న్యానా? కూసోమంటాండా. బేగా రా."

వెనక ఇంజను పక్కన చిన్న చెక్క ఉంది. నిజాముద్దీన్ దానిమీద కూర్చున్నాడు. ఎన్నో బండ్లను గుమ్మంలో నిలబడి సాగనంపాడు. తాను బిగించిన ఇంజను మొదటిసారి రోడ్డెక్కుతుంటే దానితోపాటు పోవడం ఇదే. బగ్గీ వీధిలోకి తిరిగింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి చూశారు. ఎవరో ముసలాయన "ఒరే పౌలు బగ్గీ కదిలిందిరో!" అని కేక వేశాడు. నిజాముద్దీన్‌కు ఎందుకో సిగ్గేసింది. చెక్క అంచు గట్టిగా పట్టుకుని, పెళ్ళికొడుకులా తల వంచుకున్నాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న సంగతి అతనికి తెలియలేదు.

తారు రోడ్డు అయిపోయింది. కాలువ వంతెన దాటాక రేగడి బాట. పెద్ద చక్రాలు బండ్ల గాడుల్లో దిగి మళ్ళీ పైకి లేచాయి. ఎక్కడా కూరుకుపోలేదు. అటూ ఇటూ శనగచేలు పూతకొచ్చి ఉన్నాయి. ఊదా చుక్కలు చల్లినట్టు చిన్న చిన్న పూలు. గట్టు దగ్గర పౌలు బండి ఆపాడు. ఇంజను ఆపబోతుంటే నిజాముద్దీన్ వద్దన్నాడు.

"కొంచేపు తిరగనీ. కొత్త రింగులు సర్దుకోవాల."

కృపమ్మ దిగడానికి సీటు పక్క కడ్డీ పట్టుకోబోయింది. అక్కడ అతుకు గరుగ్గా ఉండిపోయింది. నిజాముద్దీన్ అది చూసి, "ఆగు టీచరమ్మా" అని భుజం మీది తువ్వాలు తీసి కడ్డీకి చుట్టి ముడి వేశాడు. ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, పౌలు భుజం మీద బరువు వేసి, కాలు నేల మీద పెట్టింది. కాసేపు కదల్లేదు. తర్వాత వంగలేక పౌలుతో ఒక కొమ్మ తుంచమంది. శనగాకు మీది పులుపు వేలికి అంటుకుంటే నాలుక మీద పెట్టుకుంది.

"పూత ముందే వచ్చిందే," అంది. మొగుడి వైపు చూసి, "చెప్పల్యా నువ్వు" అంది. ఆమె కళ్ళు తడిశాయి. పౌలు ఇంకోవైపు చూశాడు.

కొమ్మ నిజాముద్దీన్‌కు ఇచ్చింది. "తినన్నా. పుల్లగుంటాది."

వాళ్ళిద్దరూ సాలు వెంబడి లోపలికి పోయారు. ఆమె ఒక్కో అడుగూ ఈడ్చి వేస్తోంది. ఆగినచోటల్లా చెట్టును చూపించి ఏదో అంటోంది. పౌలు తల ఊపుతున్నాడు. నిజాముద్దీన్ గట్టు మీద, వెనక చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. చేయి గుంజడం ఇప్పుడు ఛాతీలోకి వచ్చింది. రేపు తప్పకుండా పోవాలి అనుకున్నాడు. షాహజాదీని కూడా ఒకసారి ఈ బండి ఎక్కించమని పౌలును అడగాలి అనుకున్నాడు. ఆమె ఎక్కదు, సిగ్గుపడుతుంది, అయినా అడగాలి. రెండు శనగాకులు నోట్లో వేసుకుని నమిలాడు. కాలువ మీది నుంచి చల్లగాలి వచ్చి రెక్కల మధ్య నుంచి దూరుతోంది. ఇంజను తడబడకుండా కొట్టుకుంటోంది. అతను వింటూ కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నీడలు సాగాయి.

"నిద్రపోయినావా అన్నా? పోదాం పా," అన్నాడు పౌలు. భుజం తట్టాడు. తల మెల్లగా చక్రం మీదికి ఒరిగింది. గడ్డానికి ఒక శనగాకు అంటుకుని ఉంది.

కృపమ్మకు ముందే అర్థమైంది. "ఇంజను ఆపు," అంది చిన్నగా.

పౌలు ఆపాడు. కాలువ నీళ్ళ చప్పుడు వినపడింది.

వినయ్ ఫోను అందుకుని సామాను ఆటో తెచ్చాడు. అందులోనే నిజాముద్దీన్‌ను ఇంటికి తీసుకుపోయారు. వెలుగోడు నుంచి అస్మా వచ్చింది. మరునాడు నంద్యాల కబరస్తాన్‌లో మట్టి చేశారు. కిరణ్ షెడ్డు మూసి మట్టికి వచ్చాడు. కృపమ్మ షాహజాదీ పక్కన కూర్చుని, ఆడే చేత్తో ఆమె చేయి పట్టుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ షాహజాదీ ఒక్క మాట అడిగింది, ఇంజను తిరిగిందా అని. తిరిగిందని, అందులో అతను కూర్చున్నాడని, నవ్వాడని కృపమ్మ చెప్పింది. షాహజాదీ ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

శనగ కోతల దాకా కృపమ్మ బగ్గీలో పొలానికి పోతూనే ఉంది. అతుకు అరగదీస్తానని పౌలు ఒక రోజు ఆకురాయి తెచ్చాడు గానీ, ఆమె వద్దంది. నీలం గళ్ళ తువ్వాలు, అంచున నూనె మరకలతో, కడ్డీకి అలాగే చుట్టి ఉంది. ఆమె అరచేతికి ఒత్తుకోకుండా ముడి అవతలి పక్కకు వేసి ఉంది.