ఆ ఇంట్లో ఒక్కటే కడుపు

డ్రైవింగు మాస్టారి కడుపు సంగతి తెలియని మనిషి ఆ పేటలో లేడంటే నమ్మండి. ఆయన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళకి గేర్లు వేయడం వచ్చిందో లేదో గానీ, ఆయనకి పుల్లతేన్పు ఏ వేళకి వస్తుందో, గొంతుదాకా మంట ఎలా ఎగదన్నుతుందో, పొట్ట ఎప్పుడు ఉబ్బి బిగుసుకుంటుందో మాత్రం కంఠతా వచ్చేసేది. "ఎడమ అద్దం చూసుకోండి... అబ్బా, మళ్ళీ వచ్చిందండీ తేన్పు... ఆఁ, ఇప్పుడు క్లచ్ వదలండి." ఇదీ పాఠం.

పాపం, వైద్యం చేయించుకోలేదని అనడానికి లేదు. మాత్రలు మార్చారు, సీసాలు మార్చారు, గొట్టం వేయించుకుని లోపల చూపించుకున్నారు. రాత్రిళ్ళు మంట పైకి రాకుండా తన మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించుకున్నారు. పక్కనే ఆనించి ఉన్న భార్య మంచం మాత్రం మామూలుగానే ఉండేది. ఎన్ని చేసినా మంట మంటే, ఉబ్బరం ఉబ్బరమే.

"తినేటప్పుడు మాటలు కట్టిపెట్టండి మాస్టారూ. మాట్లాడుతూ తింటే ముద్దతోపాటు గాలీ మింగేస్తారు. మీ ఉబ్బరంలో సగం అదే" అని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. మాస్టారికి ఒళ్ళు మండింది. "మాటలకి గ్యాసు వస్తుందిటోయ్! ఎక్కడ చదివాడో మహానుభావుడు!" అని ఆ పూట భోజనం దగ్గర, నోటినిండా ముద్ద పెట్టుకుని, భార్యకి తిప్పితిప్పి అదే చెప్పారు. ఆవిడ ఎదురుగా కూచుని, గిన్నెలో జావ కలుపుకుంటూ వింది.

ఆ జావ గురించి కూడా గొప్పలే. "నాకు పడదని ఇంట్లో కారం మానేసింది. ఆఖరికి అన్నం కూడా మానేసి జావ తాగుతోంది. ఇలాంటి ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది, మీరే చెప్పండి!" అని స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్నవాళ్ళని అడిగేవారు. ఇంకో కథ ఉంది ఆయనకి. కారు వెనక్కి పోనివ్వమంటే మామగారి గేటే విరగ్గొట్టిన కొత్త అల్లుడి కథ. "మా ఆవిడకి చెబితే ఒకటే నవ్వండీ! కళ్ళమ్మట నీళ్ళు, పొలమారి దగ్గు! నవ్వలేక కంచం ముందునుంచి లేచిపోయింది!" అని చెప్పి ఆయనా నవ్వేవారు. వినేవాళ్ళు కూడా నవ్వేవారు, బ్రేకు ఆయన కాలికిందే ఉంది మరి.

ఒకరోజు పాఠం మధ్యలో క్లచ్ తీగ తెగింది. కారు మెకానిక్కుకి అప్పగించి, మాస్టారు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పడగ్గది గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడే కొయ్యబారిపోయారు.

భార్య ఆయన మంచం మీద, ఇటుకలున్న వైపు గోడకి చేరగిలబడి ఉంది. పిడికిలి గుండెల మధ్య గట్టిగా నొక్కిపెట్టుకుంది. ఒళ్ళో బేసిను. అందులో అన్నం, నమిలింది నమిలినట్టే ఉంది.

"ఏమైందోయ్! ఏంటది?"

"ఏం లేదండీ. ఒక్క ముద్ద అన్నం తినాలనిపించింది. దిగలేదు."

"దిగకపోవడమేంటి?"

"చాన్నాళ్ళనుంచీ దిగట్లేదు. జావైతే మెల్లగా జారుతుంది."

మాస్టారు గుమ్మం దాటి మంచం దగ్గరికొచ్చారు. "అంటే... జావ నాకోసం కాదా?"

చూశారా, ఆ మనిషి నోటికి ముందుగా వచ్చిన ప్రశ్న! ఏమనాలి ఈయన్ని?

ఆవిడ బేసిను పక్కన పెట్టింది. "మంట మీకంటే ముందునుంచే ఉంది నాకు."

"మరి చెప్పవేం!"

"చెప్పానండీ. మొదటిసారి, నాది నీకు అంటుకుందా అని నవ్వారు. ఇంకోసారి, అదేం మంట, నాది విను అని మీది మొదలుపెట్టారు. ఇంట్లో ఒక్క కడుపు చాల్లే అనుకుని ఊరుకున్నాను."

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉండుంటే ఆయనకి అంత భయం వేసేది కాదు. అప్పుడు కనబడింది ఆవిడ వేలికి ఉంగరం. జారిపోకుండా దారం చుట్టుకుంది. ఆ దారం కూడా నల్లగా మాసిపోయింది, నిన్నా మొన్నా చుట్టింది కాదు. పొద్దస్తమానం పక్క అద్దం చూడండి, పక్క అద్దం చూడండి అని ఊరందరి మీదా అరిచే మనిషికి, పక్కమంచం మీది మనిషి ఇంతలా చిక్కిపోవడం కనబడలేదు.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. లోపలికి వెళ్ళగానే మాస్టారు అలవాటుకొద్దీ వెళ్ళి రోగి కూచునే స్టూలు మీద చతికిలబడ్డారు.

"మళ్ళీ ఏం వచ్చింది మాస్టారూ?" అన్నాడు డాక్టరు విసుగ్గా.

మాస్టారు ముల్లు గుచ్చుకున్నట్టు లేచారు. "నాకు కాదండీ. ఈవిడకి."

డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. ఎప్పటినుంచి? ముందు గట్టివే ఆగేవా, మెత్తనివి కూడా ఆగేవా? బరువు ఎంత తగ్గారు? ప్రతి ప్రశ్నకీ మాస్టారు నోరు తెరిచారు, ప్రతిసారీ మూసుకున్నారు. అన్నీ ఆవిడే చెప్పింది. వింటూ వింటూ డాక్టరు రాయడం ఆపేశాడు.

"పుల్లనీరు ఏళ్ళ తరబడి పైకి తన్ని, అన్నం దిగే గొట్టం పుండుపడి ముడుచుకుపోయి ఉండొచ్చు. లేదా అంతకంటే చెడ్డదేదైనా కావచ్చు. లోపల చూస్తేగానీ చెప్పలేను. ఇంతవరకూ ఎందుకు ఆగారమ్మా?"

ఆవిడ మొగుడి వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

మర్నాడు పొద్దున ఆవిణ్ణి పరీక్షగదిలోకి తీసుకెళ్ళారు. మాస్టారు బయట బెంచీ మీద కూచున్నారు. గొంతులోకి పుల్లటి మంట ఎగదన్నింది. పక్కాయన పలకరింపుగా చూశాడు కూడా. చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు. ఓరి దేవుడా, ఈ మనిషి లేకపోతే నా గతేంటి, అన్న ఒక్క మాటే లోపల గిరగిరా తిరిగింది.

"దారి మూసుకుపోయేలా ఉంది. ప్రస్తుతానికి వెడల్పు చేశాను" అన్నాడు డాక్టరు బయటికొచ్చి. "ఇంకొన్నాళ్ళు ఆగితే మంచినీళ్ళు కూడా దిగేవి కావు. ముక్క తీసి పరీక్షకి పంపాను." ఆ ఫలితం వచ్చేదాకా మాస్టారు పాఠాలు మానేసి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. చెడ్డదేమీ లేదని తేలినరోజు, ఇటుకలు తీసుకొచ్చి ఆవిడ మంచం కోళ్ళ కింద కూడా పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూచున్నారు. ఆవిడ కంచంలో మెత్తగా పిసికిన అన్నం. మాస్టారు తలొంచుకుని తిన్నారు. ఒక్క మాట లేదు, ఒక్క తేన్పు లేదు. ఆవిడకి కంగారు పుట్టింది.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నువ్వు చెప్పు, నేను వింటాను."

"ఏం చెప్పను?"

"అసలు మొట్టమొదట ఎప్పుడు అడ్డం పడింది నీకు?"

ఆవిడ చిన్న ముద్ద మింగి, అది దిగేదాకా ఆగింది.

"కొత్త అల్లుడు మామగారి గేటు విరగ్గొట్టాడని చెప్పారే, ఆరోజు. ముద్ద అడ్డం పడి ఊపిరాడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే చెయ్యి ఊపాను మీకేసి. మీరు నవ్వుతున్నాననుకున్నారు. కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పారు."

మాస్టారి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎంత ప్రయత్నించినా అది దిగలేదు.