మంచు మెట్ల మీద కళ్ళాపి

శ్రీవిల్లిపుత్తూరు నుంచి టొరంటో దాకా చెల్లత్తాయి వచ్చింది కూతురు కయల్‌విళి కాన్పు కోసం. తొలి కాన్పు తల్లి చేతుల మీదుగా జరగాలి కదా. దిగిన రోజు నుంచి ఆవిడకి వినబడుతున్నది ఒకటే మాట, వద్దు. చేపలు వేయించొద్దు, వాసన. సాంబ్రాణి వెయ్యొద్దు, పొగకి గంట మోగుతుంది. గట్టిగా మాట్లాడొద్దు, అల్లుడు ముకిలన్ ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాడు. ఇన్ని వద్దులు చెప్పిన మహానుభావులు చెప్పాల్సిన ఒక్కటీ చెప్పలేదు.

మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చింది. ఆ నెలలో వాకిలి తడపకుండా పొయ్యి వెలిగించడం చెల్లత్తాయి ఎరగదు. తెల్లవారకముందే లేచి, బకెట్టుడు నీళ్ళు తెచ్చి మెట్ల మీద కళ్ళాపి చల్లి, ముగ్గుపిండి కోసం లోపలికి వెళ్ళింది. అంతలో ఎనిమిదో నెల కడుపుతో కయల్‌విళి పనికి బయల్దేరి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కాలు జర్రున జారింది. కమ్మీ చేతికి అందబట్టి సరిపోయింది.

ముకిలన్ ఊగిపోయాడు. "ఈ చలిలో నీళ్ళు పోస్తారా అత్తయ్యా? క్షణంలో గాజులా గడ్డకట్టవూ! కడుపుతో ఉన్న మనిషిని చంపుదామనా?"

"నా పిల్లని నేను చంపుకుంటానా? ఏం మాటలవి! నీళ్ళు రాయైపోతాయని మీలో ఒక్కరు నోరు తెరిచి చెప్పారా?"

"మీకు చెప్పి చెప్పి నా నోరు పోతోంది. ఈ వారమే టికెట్టు తీస్తాను, వెళ్ళిపోండి. కాన్పు సంగతి మేం చూసుకుంటాం."

చెల్లత్తాయి కూతురి వైపు చూసింది. కయల్‌విళి సోఫాలో కడుపు పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అల్లుడి అరుపు కంటే అదే ఎక్కువ మండించింది ఆవిడని.

ఎంత కోపమైనా దిష్టి తియ్యకుండా ఉంటుందా? గుప్పెడు ఉప్పు తెచ్చి కూతురి చుట్టూ తిప్పింది. నిప్పులో వేద్దామంటే ఆ ఇంట్లో కరెంటు పొయ్యి తప్ప నిప్పే లేదు. తలుపు తీసి ఉప్పు మెట్ల మీదికి విసిరికొట్టి, ధడాలున తలుపేసి, పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే, ఉప్పు పడ్డచోటల్లా మంచు కరిగి మెట్టు కనబడుతోంది. చెల్లత్తాయి వంగి ఆ చోటు వేలితో తడిమి చూసింది. తర్వాత బియ్యానికని కారు షెడ్డులోకి వెళ్తే, మూలన ఓ మూట. దాని మీద మంచు మెట్ల బొమ్మ, పక్కన ఉప్పురాళ్ళ బొమ్మ. మూతి కుట్టు విప్పనే లేదు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. మూట హాల్లోకి ఈడ్చుకొచ్చింది.

"అల్లుడుగారూ! ఏమిటిది?"

"మెట్ల మీద చల్లే ఉప్పు" అన్నాడు ముకిలన్ కళ్ళు నులుముకుంటూ.

"చల్లాల్సింది ఎవరు?"

అతను మూటని కాలితో గోడవారకి జరిపాడు.

"నీళ్ళు నేనే పోశాను, కాదనను. నేను రాకముందు కురిసిన మంచు ఎవరు తీశారు? నిండు మనిషి రోజూ ఆ మెట్లే దిగుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారా?"

"పనిలో పడి మర్చిపోయాను అత్తయ్యా."

"నన్ను పంపెయ్యడం మాత్రం మర్చిపోలేదే!"

మూట కోసి, మెట్టు మెట్టుకీ గుప్పెళ్ళతో చల్లింది. కళ్ళాపి చల్లే విసురే అది. తర్వాత తన పెట్టె గుమ్మం దగ్గర పెట్టుకుని దాని మీదే కూర్చుంది.

"టికెట్టు తీసేదాకా ఈ పెట్టె మీంచి లేవను. ఉండమనాల్సిన నోరు నిన్నటి నుంచీ మూసుకునే ఉంది."

కోటు తొడుక్కుని కయల్‌విళి వచ్చింది. మెట్ల వైపు చూసింది, పెట్టె వైపు చూసింది.

"ముకిల్, టికెట్టు తియ్యకు."

"ఏదో కోపంలో అన్నాన్లే కయల్..."

"నువ్వన్నది కాదు. నేను అననిది." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఉండవే. నాకు భయంగా ఉంది."

"ఇవాళ గుర్తొచ్చానా? నిన్న ఏమైంది ఆ భయం?" అంటూనే చెల్లత్తాయి లేచి కూతురి జబ్బ పట్టుకుంది. తిడుతూనే ఒక్కో మెట్టూ దింపింది.

"చెయ్యి నొప్పెడుతోందమ్మా" అంది కయల్‌విళి.

"పెట్టనీ" అంది చెల్లత్తాయి, పట్టు వదలకుండా.