మాట మధ్యలో తెగిన లైన్లు

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో గొడవ టూత్‌పేస్ట్ మూత దగ్గర మొదలైంది.

"మూత పెట్టడానికి ఎంతసేపు పడుతుందమ్మా? మళ్లీ గట్టిపడిపోయింది," అన్నారు మావారు, ట్యూబు పీక నొక్కుతూ.

"నేను పెట్టాను," అన్నారు అత్తయ్య వంటింట్లోంచి.

"పెడితే ఏదీ? రెక్కలొచ్చాయా?"

"నీ కాళ్ల దగ్గరే ఉంటుంది చూడు. బడికెళ్లే రోజుల్లో నీ రెండో చెప్పు కూడా అక్కడే దొరికేది."

నేను నవ్వాను. మావారు నవ్వలేదు.

"నీకు మరుపు ఎక్కువైందమ్మా. మూత మర్చిపోతే పోయింది. లాయరుగారి కాగితంలో లైన్లు మర్చిపోతే ఎలా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

మాకు వీధి చివర ప్రింటింగ్ కొట్టు ఉంది. కౌంటరు మావారిది, టైపు అత్తయ్యది. తన పెళ్లికి ముందు నుంచీ ఆవిడ ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. అది మూతపడ్డాక మా కొట్టులో కూర్చున్నారు. చూపు కాగితం మీద, వేళ్లు కీబోర్డు మీద, అంతే. స్క్రీన్ వైపు పేజీ చివర తప్ప చూడరు. "చూస్తే వేగం పోతుంది" అంటారు. అరవై నాలుగేళ్ల వయసులో కూడా ఆ వేళ్లు ఆగకుండా సాగుతుంటే కాపీల కోసం వచ్చినవాళ్లు డబ్బులివ్వడం మర్చిపోయి చూస్తూ నిలబడతారు.

ఆ నెలలో మూడు కాగితాల్లో లైన్లు ఎగిరిపోయాయి. మూడోది లాయరుగారిది. శనివారం ఆయన వచ్చి కాగితం కౌంటరు మీద పెట్టి, "మీ అమ్మగారు పెద్దవారు, నేనేమీ అనలేను. కానీ కోర్టులో నన్ను అంటారు కదా," అన్నారు. ఆ సాయంత్రమే మావారు ఒక ఆపరేటర్‌తో మాట్లాడేశారు. సోమవారం నుంచి ఆ అమ్మాయి టైపు చేస్తుంది, అమ్మ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి అన్న మాట విన్నప్పుడు అత్తయ్య ముఖం ఎలా ఉందో నేను చూశాను. అందుకే మూత గొడవ నాకు మూత గొడవలా అనిపించలేదు.

టిఫిన్లయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, చెయ్యి తుడుచుకుని రా. కొట్టు తాళం నా దగ్గరుంది."

షట్టరు సగం ఎత్తి లోపలికి దూరాం. మూసిన గదిలో ఇంకు వాసన, లామినేషన్ ప్లాస్టిక్ వాసన. స్క్రీన్ ఎప్పటిలాగే మావారికి కనిపించేటట్టు కౌంటరు వైపు తిరిగి ఉంది. కంప్యూటర్ ఒకటే. మౌస్ కూడా ఒకటే. దానితో మావారు ప్రింట్లు తీస్తారు, కీబోర్డుతో అత్తయ్య టైపు చేస్తారు. ఆయనకు మౌస్ కావలసినప్పుడు "అమ్మా, ఆగు" అంటారు. ఆవిడ చేతులు ఎత్తేస్తారు. ప్రింటు తీసి, ఫోల్డర్ మూసి "ఊఁ" అంటే మళ్లీ మొదలుపెడతారు. ఇద్దరి మధ్యా ఏళ్లుగా ఇదే పద్ధతి.

అత్తయ్య మూడు కాగితాలనూ, వాటి చేతిరాత ప్రతులనూ పక్కపక్కన పరిచారు. పోయిన భాగాలకు పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి.

"చూడు. కన్ను పొరబడితే ఒక లైను నుంచి కింది లైనుకు దూకుతుంది. లైను మొదట్లోనో, ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోటో. పాతికేళ్లు పిల్లల కాగితాలు దిద్దాను, ఆ తప్పు నాకు తెలుసు. ఇదేమిటి? మాట సగంలో తెగింది. మళ్లీ ఇంకో మాట సగంలో మొదలైంది. మనిషి మర్చిపోతే ఇలా మర్చిపోతాడా?"

నేను మూడూ చూశాను. మూడింట్లోనూ అంతే. ఇలా పోల్చి చూడాలని కొట్టులో ఇంకెవరికీ తట్టలేదు. మా అందరికీ ఆవిడ వయసు ఒక్కటే కనిపించింది.

"ఇంకోటి. పదిహేను రోజుల కిందట ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ఫొటో దానంతట అదే తెరుచుకుంది. 'నా ఫొటోలు ఎందుకు చూస్తున్నారు' అని ఆయన గుర్రుమన్నాడు. మీ ఆయన నా వైపు చూశాడు. మౌస్ ఎవరూ ముట్టుకోలేదు. నేను మాత్రం అప్పుడే పేరా అయిపోయి ఎంటర్ కొట్టాను."

ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "నువ్వు మీ ఆయనవి. ఆయన చేసినట్టే చెయ్యి. ముందు పెన్‌డ్రైవ్ గుచ్చు, తర్వాత బేరం, ఆ తర్వాత 'ఆగు'."

నేను కౌంటరు దగ్గర నడుం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, "ఎన్ని కాపీలండీ? ఒకవైపా, రెండువైపులా? అయ్యో, కలరైతే ఆలస్యమవుతుందండీ," అన్నాను.

"అంత మర్యాదగా వాడెప్పుడన్నాడే?" అన్నారు అత్తయ్య, వేళ్లు ఆపకుండానే.

అప్పుడు స్క్రీన్ వైపు చూశాను. పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానిలోని ఫైళ్ల జాబితా ఆవిడ పేజీ మీదికి వచ్చి కూర్చుంది. ఆవిడ కొట్టే ప్రతి అక్షరానికీ ఆ జాబితాలో ఒక్కో పేరు మీద నీలం పట్టీ గెంతుతోంది. కింద పేజీ మాత్రం కదలడం లేదు. ఆవిడ చూపు కాగితం మీద, ముఖం ప్రశాంతంగా, వేళ్లు టకటకా. లైనుంబావు గాలిలో కలిసిపోయింది.

"అమ్మా, ఆగు," అన్నాను, మావారి గొంతుతో కాదు, నా గొంతుతోనే.

ఫోల్డర్ మూశాను. "ఊఁ." ఆవిడ మళ్లీ అందుకున్నారు. పేజీ పూర్తయ్యాక చూస్తే మాట సగంలో తెగిన ఖాళీ అక్కడే ఉంది.

నేను సంతోషంతో గోల చేశాను. ఆవిడ చెయ్యలేదు. కళ్లజోడు సవరించుకుని సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో పేజీ చదువుకుంటూ వెళ్లారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరికి ఆటోప్లే అన్న పేజీ దొరికింది. పైన స్విచ్ వేసి ఉంది. దాని కింద, పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్ తెరవమని ఎవరో ఎప్పుడో ఎంచి పెట్టారు. ఆవిడ స్విచ్ ఆపేశారు. తర్వాత పెన్‌డ్రైవ్‌కీ మెమరీ కార్డుకీ విడివిడిగా 'ఏమీ చేయవద్దు' అని మార్చారు.

"స్విచ్ ఆపాక అవెందుకత్తయ్యా?"

"రేపు ఎవరైనా తెలియక స్విచ్ వేస్తే?"

నాతో పది సార్లు పెన్‌డ్రైవ్ పెట్టించారు, తీయించారు. ప్రతిసారీ ఒక పేరా కొట్టారు. స్క్రీన్ మీద ఏదీ ఎగిరి రాలేదు. ఒక్క అక్షరం పోలేదు. చివరికి లాయరుగారి కాగితం మొత్తం మళ్లీ టైపు చేసి, అసలుతో మాట మాటా పోల్చి నా చేత చదివించి, కవరులో పెట్టారు.

మధ్యాహ్నం ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. అత్తయ్య కూర వడ్డించి, మావారి కంచం పక్కన రెండు పేజీలు పెట్టారు, పొద్దున మొదట కొట్టినది, చివర కొట్టినది. సంగతి నేను చెప్పాను. ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి రెండు పేజీలూ రెండుసార్లు చదివారు.

"ఆ ఫోల్డర్ తెరుచుకోవడం ఈ నెల మొదట్లో నేను పెట్టిందే. క్లిక్కు కలిసొస్తుందని," అన్నారు. "నేను చూసుకోవాల్సింది. నీ మీదికి తోసేశాను. తప్పు నాదేనమ్మా. ఆ ఆపరేటర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తా."

"వద్దనకు. మాటిచ్చావు, ఆ పిల్ల ఆశపెట్టుకుని ఉంటుంది. రమ్మను."

"వచ్చి ఏం చేస్తుంది? టైపు నువ్వు చేస్తావుగా."

"కౌంటరు చూస్తుంది. పెన్‌డ్రైవ్ గుచ్చాక కాదు, గుచ్చే ముందు 'ఆగు' అనే మనిషి అక్కడ కావాలి."

నాకు పొరబోయింది. మావారు నాకు నీళ్ల గ్లాసు జరిపి, తల్లి వంక చూశారు. ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నారు, చెప్పవలసింది చెప్పేసిన మనిషిలా.

"సరే," అన్నారు మావారు. "ఇద్దరూ వినండి. రేపటినుంచి కౌంటర్లో ఆ అమ్మాయి, టైపు కుర్చీలో అమ్మ. నేను బయటి ఆర్డర్లు చూసుకుంటాను. కాగితం తీసుకుని ముందు లాయరుగారి దగ్గరికి వెళ్లి, తప్పు ఎవరిదో నేనే చెబుతాను."