చీనీచెట్ల కింద కుండలు

ఇంట్లో చుక్క నీరు ఊరికే పోతే సంజీవమ్మకు ప్రాణం పోయినంత పని. పులివెందుల చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది అది. ఊరికి మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది, ఇంటికి నాలుగు బిందెలు. పెరట్లో ఆమె పెంచుకున్న ఆరు చీనీచెట్లు, అంటే బత్తాయిచెట్లు, మొదటిసారి పిందె పట్టి, ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. ఈ ఎండాకాలం గట్టెక్కించకపోతే నాలుగేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

అందుకని బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఏవీ పారబోసేది కాదు. మొగుడు ఓబులయ్యకు సబ్బు కూడా ముట్టనివ్వకుండా, గంగాళంలో నిలబెట్టి స్నానం చేయించేది. "నేనేమన్నా ఎనుమునా" అని ఆయన గొణిగినా వినేది కాదు. ప్రతి చెట్టు మొదట్లో ఒక మట్టికుండకు అడుగున సన్నటి బెజ్జం పెట్టి, మెడదాకా పూడ్చి, ఆ నీళ్లు నింపి, దోమలు చేరకుండా మూతికి గుడ్డ కట్టింది. నీళ్లు మెల్లగా వేళ్లకే దిగేవి.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ అవి ఎన్నికల రోజులు. ఓబులయ్య ఒక పార్టీ ఏజెంటు, పక్కింటి యల్లయ్య అవతలి పార్టీ. మన సీమలో ఎన్నికలప్పుడు గుడ్డ కట్టిన కుండను భూమిలో పూడిస్తే, అందులో నీళ్లున్నాయని ఎవడనుకుంటాడు? గోడ మీదుగా తొంగిచూసిన యల్లయ్య తిన్నగా స్టేషనుకు పోయి చెప్పాడు.

మరునాడు పొద్దున్నే ఎస్సై, ఐదుగురు పోలీసులు దిగారు. ఓబులయ్యను అరుగు మీద కూర్చోబెట్టారు. ఎస్సై చెట్లకు ఇరవై గజాల దూరంలోనే ఆగి, "ఎన్ని బాంబులమ్మా" అన్నాడు.

"బాంబులేంది సారూ, అవి చెట్లకు పెట్టుకున్న నీళ్ల కుండలు."

"అందరూ అట్లనే చెప్తారు. తవ్వండ్రా."

గడ్డపార పడితే వేళ్లు తెగుతాయి. "నేనే గుడ్డ ఇప్పి సూపిస్తా సారూ" అని సంజీవమ్మ ముందుకు పోబోతే ఆపేశారు. గడ్డపార పట్టుకున్న కానిస్టేబులు మాత్రం అడుగు కదపలేదు.

"తగిలితే పేలతాయి సార్. ముందు నానబెట్టాల" అన్నాడు.

నాటుబాంబు నీళ్లలో నానితే చస్తుందని ఇక్కడ పసిపిల్లకైనా తెలుసు. ఎస్సై వైర్‌లెస్‌లో చెబితే గంటలో పులివెందుల నుంచి నిండు ట్యాంకరు వచ్చింది. గొట్టం పెట్టి చెట్టు చెట్టుకూ పోయడం మొదలుపెట్టారు.

అంతవరకూ మొత్తుకున్న సంజీవమ్మ టక్కున నోరు మూసింది. నిజం చెప్పింది, వినలేదు. మళ్లీ చెప్పడానికి తనకేం పిచ్చా?

"ఆ మూల చెట్టు కాడ సరిగా తడిసినట్టు లేదే సారూ" అని మాత్రం అంది. ఇంకో పావుగంట అక్కడే పోశారు.

చివరికి గుడ్డలు విప్పి చేతులు పెట్టి చూస్తే ఆరు కుండల్లోనూ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎస్సై యల్లయ్యను పిలిపించి నలుగురిలో నానా తిట్లూ తిట్టి జీపెక్కాడు.

పది రోజులు తిరిగేసరికి చీనీచెట్లు కొత్త చిగురు వేశాయి. ఆ పొద్దు గోడ అవతల యల్లయ్య దగ్గాడు. పార్టీలు వేరైనప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

"అక్కా, మా నిమ్మచెట్టు ఎండిపోతాంది. నా మీద గూడా ఎస్సైకి ఒక మాట చెప్పరాదా."

సంజీవమ్మ గోడ దగ్గరికొచ్చింది.

"చెప్తాలేప్పా. ముందు నువ్వు నాలుగు కుండలు పూడ్చుకో. ఉత్త అబద్ధాలు మోసే అలవాటు మా ఇంట్లో లేదు."