ఉప్పుకు అంటిన ఎంగిలి

నేను ఒక ఐస్ పెట్టెను. ఐస్‌క్రీములు మోసి పిల్లల మెప్పు పొందుదామని కలలు కంటూ ఫ్యాక్టరీలోంచి బయటపడ్డాను. ఎక్కడి ఐస్‌క్రీములు! మొదటి యజమాని నాలో చేపలు పోశాడు. ఆ కంపుకి బజారు పిల్లులన్నీ ముక్కు మూసుకుని పప్పన్నానికి దిగాయంటే నమ్మండి.

ఆ తర్వాత పాత సామాన్ల కొట్లో నన్ను పశువుల డాక్టరమ్మ వైదేహి కొంది. చదువుకున్న చేతుల్లో పడ్డాననుకున్నాను. ఆమె నన్ను నల్లమల అడవికి తీసుకెళ్లి నింపిందేమిటో తెలుసా? దుప్పుల పెంటికలు, చీము, చొంగ! అక్కడి మందకి గాలికుంటు సోకింది. నోళ్లనిండా పుండ్లు, గిట్టల సందున చీము. దూదిపుల్లకి చొంగ తీగలా సాగుతుంటే ఆమె ముఖం మతాబాలా వెలిగేది. ఛీ! మనుషుల సంబరాలు నాకు అర్థం కావు.

రోగం ఎక్కణ్నుంచి అంటుతోందో తేలితేనే మిగిలిన దుప్పులు బతుకుతాయి. అడవి కాపలాదారు గురవయ్యకి ఆ మందంటే ప్రాణం. అవి నాకడానికి ఉప్పురాయి తెచ్చి పెట్టింది అతనే.

"ఊళ్లోంచి మేతకొచ్చే పశువులు కూడా ఈ రాయి నాకుతాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

"నాకుతయి మేడం. నోరులేని జీవాలు గద, నేనే తోలుకొస్త."

"రోగమున్న పశువు ఎంగిలి దుప్పి నోట్లోకి పోదూ?"

పెళ్లాం కొరికిన జామకాయ ముట్టని గురవయ్య పకపకా నవ్వాడు. "బువ్వకుంటది ఎంగిలి, నీళ్లకుంటది. ఉప్పుకు ఎంగిలేంది మేడం? మీ ఇంట్ల చెప్పలేదా?"

ఆమె రాయిని దూదితో తుడిచి, ఆ దూదిని నాలో పెట్టింది. పట్నంలో పరీక్ష చేయిస్తే దుప్పుల చొంగలో ఉన్న రోగమే ఆ దూదిలోనూ బయటపడింది. ఆ సంగతి చెబితే గురవయ్య తన అరచేతులు వాసన చూసుకుని, చెట్టుచాటుకెళ్లి కక్కుకున్నాడు. తర్వాత ఆ రాయిని గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చేశాడు.

నా మూత విరిగాక డాక్టరమ్మ నన్ను అతనికి వదిలేసింది. అతని భార్య ఈదమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఆ రోత లోపలికొచ్చిందో, నువ్వు దాన్తోనే పండు!"

అలా నేను ఉప్పురాయి ఉన్నచోట బోర్లాపడి గురవయ్యకి పీటనయ్యాను. పొద్దంతా నామీద కూర్చుని పశువుల్ని అదిలిస్తాడు. అతని చెమటంతా నా ఒంటికే. అదీ భరిస్తున్నాను.

మొన్నొక దుప్పిపిల్ల వచ్చింది. ఆ రోగం తర్వాత మందలో పుట్టిన మొదటి పిల్ల. చెమట ఉప్పు రుచి తగిలిందేమో, గరుకు నాలుకతో నా పక్క నాకింది. నేను ఛీ అనబోయాను. గురవయ్య చెయ్యి దాని వీపుదాకా వెళ్లి ఆగిపోయింది. నేను ఎన్ని దుప్పుల చీము మోశానో అతనికి తెలుసు.

"ఎంగిలి, బిడ్డా! పో, పో!" అంటూ కర్రతో నేలని బాదాడు.

అది చెంగున పొదల్లోకి దూకింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, గురవయ్య తువ్వాలు తీసి నన్ను తుడిచాడు.

తుడవకపోతే బాగుండునని నాకు అనిపించిన ఎంగిలి, నా జన్మకి అదొక్కటే.